రెండర్ పెడితే సిస్టమ్ రీస్టార్ట్ అయిపోతోంది, పార్టులన్నీ కొత్తవే. ఏది మార్చాలి?

తెనాలి ఎడిటర్
పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఆర్నెల్ల క్రితం మా ఊళ్లోనే కొత్త సిస్టమ్ కట్టించా. ప్రాసెసర్ రైజెన్ 5 5600, బీ450 బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, గ్రాఫిక్స్ కార్డు ఆర్టీఎక్స్ 3060 12 జీబీ, 500 జీబీ ఎన్‌వీఎంఈ, 2 టీబీ హార్డ్ డిస్క్. క్లిప్పులు కట్ చేసుకుంటున్నంతసేపూ ఏ పేచీ లేదు. రెండర్ పెట్టి (కట్ చేసినవన్నీ కలిపి ఫైనల్ వీడియో తయారవడానికి వదిలి) టీ తాగొచ్చేసరికి లాగిన్ స్క్రీన్ ఎదురుచూస్తూ ఉంటుంది. బ్లూ స్క్రీన్ లేదు, ఎర్రర్ లేదు, ఠక్కున ఆరిపోయి మళ్లీ లేస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని ఉంటోంది. కొట్టాయన ఒకసారి విండోస్ మళ్లీ వేశాడు, 500 తీసుకున్నాడు. తర్వాత ర్యామ్ అన్నాడు. నిన్నటి నుంచి గ్రాఫిక్స్ కార్డు పోయిందంటున్నాడు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరకొచ్చాయి, చేతిలో నాలుగు పెళ్లిళ్లున్నాయి. ఏది మారిస్తే మళ్లీ ఈ గోల ఉండదు?

స్క్రూడ్రైవర్ సుబ్బు
ఎస్‌ఎంపీఎస్ ఏంటి, అదే, పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా? లిస్టులో ఆ పేరే లేదు.

తెనాలి ఎడిటర్
అది కేబినెట్‌తో ఫ్రీగా వచ్చింది. 450 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంది.

పప్పుచారు డాట్ ఎక్సీ
ఊరందరికీ శుభలేఖలు పంచి వంటవాడికి చెప్పడం మర్చిపోయావు భయ్యా.

అర్ధరాత్రి రెండర్
నాదీ ఇదే వృత్తి. ముందు ర్యామ్ చూడు. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా వదిలెయ్, పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా ఆ స్టిక్కు వాపస్ ఇచ్చెయ్. స్టిక్కులు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్లలో ఉన్నాయా? నాకు కట్టినవాడు 1, 2లో పెట్టాడు. డ్యూయల్ ఛానెల్ (రెండు స్టిక్కులూ జోడీగా పనిచేయడం) లేకుండా ఏడాది బండి లాగించాను, ఎందుకు స్లోగా ఉందో తెలియక.

ఓం నియమం
ర్యామ్ చూసుకోండి, తప్పులేదు. కానీ ఎర్రర్ లేకుండా, లోడ్ పడ్డప్పుడే, ఠక్కున ఆరిపోతోందంటే నా అనుమానం కరెంటు వైపే. కెర్నల్ పవర్ 41 జబ్బు పేరు కాదు. "సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆరిపోయాను" అని విండోస్ లేచాక రాసుకునే చీటీ, అంతే. దాన్ని చూసి విండోస్ మళ్లీ వేయడం జ్వరానికి చొక్కా మార్చడం లాంటిది.

పక్క డోర్ తీసి ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద చిన్నక్షరాల పట్టిక చూడండి. +12V ఎదురుగా ఎన్ని ఆంపియర్లు అని ఉంది? ఇంకోటి, గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 8 పిన్ కేబుల్ నేరుగా ఎస్‌ఎంపీఎస్ లోంచే వస్తోందా?

పాత సామాను
మొదలైంది ఎస్‌ఎంపీఎస్ భజన. మా ఆఫీసులో 2014లో కొన్న 900 రూపాయల ఎస్‌ఎంపీఎస్ ఇప్పటికీ నడుస్తోంది. ఈ యూట్యూబ్ వాళ్లు భయపెట్టి నాలుగువేలవి అమ్మిస్తున్నారు.

తెనాలి ఎడిటర్
@ఓం నియమం గారు, డోర్ తీశా. +3.3V 20A, +5V 25A, +12V 16A అని ఉంది. 8 పిన్ నేరుగా రావట్లేదు. పాత హార్డ్ డిస్కులకి పెట్టే నాలుగు పిన్నుల పెద్ద తెల్ల కనెక్టర్లు రెండు కలిపి ఒక కన్వర్టర్ పెట్టాడు. ఇంకో సంగతి, ఆ తెల్ల కనెక్టర్లలో ఒకటి ఇప్పుడు తెల్లగా లేదు. పసుపు వైరు దూరే చోట టీ మరకలా గోధుమ రంగు తిరిగింది. గోరుతో నొక్కితే ఆ మూల కాస్త మెత్తగా ఉంది.

స్క్రూడ్రైవర్ సుబ్బు
ఆపెయ్. రెండర్ కాదు, అసలు ఆ సిస్టమ్ ఆన్ చెయ్యకు.

గోదారి గట్టు
అది టీ మరక కాదు నాయనా, నిప్పు రాసిన ఉత్తరం.

ఓం నియమం
సుబ్బు గారి మాట వినండి, ముందు ప్లగ్ తీసెయ్యండి. ఇప్పుడు లెక్క చూద్దాం.

12 వోల్టులు × 16 ఆంపియర్లు = 192 వాట్లు. 12 వోల్టుల మీద మీ ఎస్‌ఎంపీఎస్ ఇస్తానని తానే ఒప్పుకుంటున్నది అంతే. పైనున్న 450 అనే అంకె 3.3, 5 వోల్టుల లైన్లు కూడా కలిపి ఊదింది. పాతికేళ్ల కిందటి బోర్డులకి ఆ లైన్లే ముఖ్యం. 2000లో పెంటియం 4 వచ్చాక ప్రాసెసర్ 12 వోల్టుల లైన్‌కి మారింది, బోర్డు మీద ఆ చిన్న నాలుగు పిన్నుల కనెక్టర్ అప్పటి నుంచే వచ్చింది. ఇవాళ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 మీదే బతుకుతాయి. మీ డబ్బా ఇంకా పాత కాలపు డిజైనే.

ఇక ఖర్చు వైపు చూస్తే 3060 ఒక్కటే 170 వాట్లు. 5600 పూర్తిగా పరిగెడితే 76 దాకా లాగుతుంది. ఫ్యాన్లు, డిస్కులు, బోర్డు కలుపుకుంటే మొత్తం 290–300. రెండర్‌లో రెండూ ఒకేసారి పరిగెడతాయి. 192 ఇచ్చేదాన్ని 300 అడిగితే అది ఆగిపోవడం మీ అదృష్టం. ఆగకుండా లాగించి ఉంటే బోర్డుని కూడా తీసుకుపోయేది.

ఓం నియమం
కనెక్టర్ సంగతి రాయడం మర్చిపోయా. 8 పిన్ కేబుల్ స్పెసిఫికేషన్ ప్రకారం 150 వాట్లు మోయాలి, అంటే 12 ఆంపియర్ల పైమాట. అసలైన కేబుల్‌లో ఆ భారం మూడు 12 వోల్టుల వైర్లు పంచుకుంటాయి. మీ కన్వర్టర్‌లో రెండే. అవీ ఎస్‌ఎంపీఎస్ దగ్గర ఒకే సన్న వైరు మీద గొలుసులా వేలాడుతుంటాయి. వదులుగా ఉన్న పిన్ను దగ్గర వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, ఇంకా వదులవుతుంది.

పాత సామాను
సరే, కన్వర్టర్ తప్పు, ఒప్పుకుంటా. కానీ మా 900 రూపాయలది పదేళ్లుగా ఎలా నడుస్తోంది మరి?

స్క్రూడ్రైవర్ సుబ్బు
మీ ఆఫీసు సిస్టమ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉందా?

పాత సామాను
లేదు. టాలీ, ఎక్సెల్, ప్రింటర్.

స్క్రూడ్రైవర్ సుబ్బు
అయితే అది మహా అయితే 60 వాట్లు లాగుతుంది. పొలం గట్టు మీద నడిచే ఎద్దుని చూసి రాళ్లబండి కట్టొచ్చు అన్నట్టుంది మీ వాదన.

పప్పుచారు డాట్ ఎక్సీ
అన్నా, టాలీ ఓపెన్ అయ్యేటప్పుడు మాత్రం మా ఆఫీసులో లైట్లు డిమ్ అవుతాయి. అది మా ఓనర్‌ని చూసి.

ఇర్వింగ్ అల్లుడు
ఎస్‌ఎంపీఎస్ అనగానే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా ఇంట్లో మొదటి కంప్యూటర్ వెనక ఎర్రటి చిన్న స్విచ్ ఉండేది, 230 అని. వేసవి సెలవుల్లో అది అటు జరిపితే ఏమవుతుందో అని 115కి నెట్టి ఆన్ చేశా. ఠాప్ అని ఒక్క శబ్దం, కాలిన వాసన, నాన్న మెట్లు దిగొస్తున్న చప్పుడు. ఇక్కడ ఇంటి కరెంటు 230 వోల్టులు మరి. ఇప్పుడొచ్చే మంచి వాటికి ఆ స్విచ్ లేదు, 100 నుంచి 240 దాకా ఏదైనా తీసుకుంటాయి. నా వీపుకి మాత్రం ఆ సదుపాయం ఆలస్యంగా వచ్చింది.

తెనాలి ఎడిటర్
ప్లగ్ తీసేశా. మరి ఏది కొనమంటారు? 80 ప్లస్ గోల్డ్ ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చా?

అర్ధరాత్రి రెండర్
గోల్డ్ అక్కర్లేదు, బ్రాంజ్ చాలు. 550 లేదా 650 తీసుకో.

గోదారి గట్టు
గోల్డే తీసుకోండి. ఎలాగూ పెళ్లిళ్ల పని కదా, కలిసొస్తుంది.

ఓం నియమం
కళ్లు మూసుకుని వద్దు. 80 ప్లస్ 2004 నుంచి ఉన్న గుర్తు. అది చెప్పేది గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వేడిగా వృథా కాకుండా పార్టులకి చేరుతోందని మాత్రమే. సగం లోడ్‌లో 115 వోల్టుల పరీక్షకి బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం. షార్ట్ అయితే ఆగుతుందా, 12 వోల్టుల లైన్ ఎంత శుభ్రంగా ఉంటుంది, లోపలి కెపాసిటర్లు ఎన్నాళ్లు బతుకుతాయి అన్న సంగతులు ఆ స్టిక్కర్ చెప్పదు. పైగా ఆ పరీక్ష చల్లటి ల్యాబ్‌లో, 23 డిగ్రీల దగ్గర. మే నెలలో మీ గదికీ ఆ ల్యాబ్‌కీ పోలికే లేదు.

స్టిక్కర్ దొంగది కూడా కావొచ్చు. 80 ప్లస్ వాళ్ల సైట్‌లో కంపెనీ, మోడల్ పేరు వెతికితే పరీక్ష రిపోర్టు దొరుకుతుంది. లేకపోతే వదిలెయ్యండి.

నేనైతే మూడు చూస్తాను. మొదటిది 12 వోల్టుల అంకె: 550 వాట్లదైతే 12 మీదే 45 ఆంపియర్ల దగ్గర ఉండాలి, అంటే 540 వాట్లు. మొత్తానికి మొత్తం అక్కడే ఉంటే డిజైన్ ఈ కాలానిది. రెండోది వారంటీ, కనీసం ఐదేళ్లు. కంపెనీకి తన కెపాసిటర్ల మీద ఎంత నమ్మకముందో అందులో తెలుస్తుంది. మూడోది లోపల ఎవరు చేశారన్నది. బయట కోర్సెయిర్ అని ఉన్నవి చాలావరకు సీడబ్ల్యూటీ, గ్రేట్ వాల్ లాంటి ఫ్యాక్టరీల నుంచి వచ్చేవే, సీసోనిక్ అయితే సొంతంగా చేసుకుంటుంది. ఒకే బ్రాండ్‌లో గట్టిదీ ఉంటుంది, బోలుదీ ఉంటుంది. అందుకే బ్రాండ్ కాదు, మోడల్ నంబరుతో రివ్యూ వెతకండి, విప్పి లోపల చూపించే రివ్యూ.

పాత సామాను
కెపాసిటర్ల మాట నేనూ ఒప్పుకుంటా. 2000ల మొదట్లో వచ్చిన బోర్డుల మీద కెపాసిటర్లు పూరీల్లా ఉబ్బిపోయేవి, గుర్తుందా? నాసిరకం ఎలక్ట్రోలైట్ వల్ల. నేను సోల్డరింగ్ నేర్చుకుందే వాటి మీద.

స్క్రూడ్రైవర్ సుబ్బు
@పాత సామాను ఇప్పుడు దారికొచ్చారు. కెపాసిటర్ మీద 85°C, 105°C అని రాసి ఉంటుంది చూడండి. పది డిగ్రీలు చల్లగా ఉంటే ఆయుష్షు దాదాపు రెట్టింపని లెక్క. గోడకి ఆనించి పెట్టిన కేబినెట్, కింద ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ దగ్గర పేరుకున్న దుమ్ము, ఇవే సగం చంపుతాయి. మిగతా సగం బొద్దింకలు.

గోదారి గట్టు
బొద్దింక జోక్ కాదు. మా రాజమండ్రిలో ఒకాయన సిస్టమ్ ఆన్ అవట్లేదంటే విప్పా. ఎస్‌ఎంపీఎస్ లోపల బల్లి, రెండు తీగల మధ్య వంతెన కట్టి ఎండిపోయి ఉంది. వెనక వాడని స్లాట్ల రేకులు పారేశారు, ఆ దారినే వెళ్లింది.

సీటీసీ పిల్లగాడు
నేను సికింద్రాబాద్ల పార్క్ లేన్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ల ఆరేండ్లు సిస్టమ్‌లు బిగించిన. జర నా మాట గూడ ఇనుండ్రి. కస్టమర్ ప్రాసెసర్ ఏంది, గ్రాఫిక్ కార్డేంది అని అడుగుతడు, బేరం జేస్తడు. ఎస్‌ఎంపీఎస్ గురించి పదిమందిల ఒక్కడు అడగడు. రేటు తగ్గించాలంటే దుకాణంల మొదలు కత్తెర పడేది ఆడనే. గది మోసం అని గూడ అనుకోరు, గిరాకీ అడగలే గదా అంటరు.

కొనేటప్పుడు జీఎస్టీ బిల్లు అడుగు, కచ్చా చిట్టీ వద్దు. బిల్లు మీద ఒక్కో పార్టు పేరు, సీరియల్ నంబర్ రాయించు. "కంప్యూటర్ – 1" అని రాస్తే రేపు వారంటీకి పోయినప్పుడు నువ్వెవరు అంటరు. ప్రాసెసర్ డబ్బ సీల్ నీ ముందట్నే తియ్యమను, ఖాళీ డబ్బలు దాచుకో.

తెనాలి ఎడిటర్
నా బిల్లు మీద నిజంగానే "అసెంబుల్డ్ సిస్టమ్ విత్ కేబినెట్" అని ఒక్క లైనే ఉంది 😐

పప్పుచారు డాట్ ఎక్సీ
"పెళ్లి, భోజనాలతో సహా."

వైజాగ్ కెరటం
ఇవన్నీ ఎందుకు, ఏఎండీ తీసేసి ఇంటెల్ పెట్టుకోండి. నమ్మకం అంటే ఇంటెలే.

అర్ధరాత్రి రెండర్
ఆ మాట 2024 కి ముందు చెప్పాల్సింది. 13, 14 తరాల పెద్ద డెస్క్‌టాప్ ప్రాసెసర్లు ఎక్కువ వోల్టేజ్ తీసుకుని నెమ్మదిగా పాడవుతున్నాయని ఇంటెల్ తానే ఒప్పుకుంది. ఆగస్టులో 0x129 అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్‌కి సవరణ, బయాస్ అప్‌డేట్‌తో వస్తుంది), సెప్టెంబరులో 0x12B ఇచ్చింది, వారంటీ ఇంకో రెండేళ్లు పెంచింది. ఆ ప్రాసెసర్లున్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే బయాస్ అప్‌డేట్ చేశారో లేదో ఇవాళే చూసుకోండి. అప్‌డేట్ ముందే పాడైనదాన్ని అది బాగుచెయ్యదు.

స్క్రూడ్రైవర్ సుబ్బు
ఏఎండీ ఏం తక్కువ తినలేదు. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ చిప్పులు కొన్ని సాకెట్లోనే కాలాయి, తర్వాత ఎస్ఓసీ వోల్టేజ్ (చిప్పులో ఒక భాగానికి వెళ్లేది) 1.3 దాటకుండా బయాస్‌లో కట్టేశారు. ఈ కుర్రాడి 5600కి ఈ రెండు గోలలూ లేవు. దాన్ని కదిలించకండి.

అర్ధరాత్రి రెండర్
@తెనాలి ఎడిటర్ అసలు నాకు భయం వేసింది వేరే చోట. పెళ్లి ఫుటేజ్ అంతా ఆ ఒక్క 2 టీబీ డిస్క్ మీదే ఉందా? బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ స్టోరేజ్ కంపెనీ తన డిస్కులు ఎన్ని పోయాయో 2013 నుంచి లెక్కలు బయటపెడుతోంది. 2023లో సుమారు 1.4 శాతం. వందలో ఒకటో రెండో అంటే తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కటీ నీదైతే తలంబ్రాలు మళ్లీ పోయించలేవు. ఇంకో డిస్క్ కొని, ఫుటేజ్ రెండు చోట్ల పెట్టాకే కార్డు ఫార్మాట్ చెయ్.

తెనాలి ఎడిటర్
ఒక్కదాని మీదే ఉంది అన్నా. ఇవాళే కొంటా. ఇంకో రెండు డౌట్లు. స్టూడియోలో యూపీఎస్ లేదు, ఇన్వర్టర్ ఉంది. కరెంటు పోగానే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. రెండోది, చెప్పులు లేకుండా కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుంది. స్క్రూ తగిలితే గట్టిగా తెలుస్తుంది. ఇదీ ఎస్‌ఎంపీఎస్ వల్లేనా?

ఓం నియమం
ఇన్వర్టర్ మీద యూపీఎస్ / నార్మల్ అని స్విచ్ ఉంటుంది చూడండి. నార్మల్‌లో ఉంటే లైను మారడానికి టైము ఎక్కువ తీసుకుంటుంది. ఫ్యాన్‌కి పట్టదు, కంప్యూటర్‌కి పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో దాచుకున్న దానితో 16–17 మిల్లీసెకన్లు నెట్టుకొస్తుంది, మీదానిలో ఆ కెపాసిటర్‌కే కక్కుర్తి పడి ఉంటారు. స్విచ్ యూపీఎస్ వైపు పెట్టండి. విడిగా యూపీఎస్ కొంటే మాత్రం 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, సాధారణంగా 360. మీ సిస్టమ్, మానిటర్ కలిపి దాదాపు అంతే అవుతుంది. 1000 వీఏ తీసుకోండి.

జివ్వుమనడం ఎస్‌ఎంపీఎస్ తప్పు కాదు. మీ గదిలో ఎర్తింగ్ లేదు. ప్రతి ఎస్‌ఎంపీఎస్‌లోనూ ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి చిన్న కెపాసిటర్లుంటాయి, నాయిస్‌ని ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్త్ వైరు ఉత్తుత్తిదైతే బాడీ మీద 230లో సగం, 115 దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుతో సరిపోతోంది. అలాగే ఆన్‌లో ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి పెడితే పోర్టు పోవచ్చు. రేపు లోపల నిజంగా ఫేజు బాడీకి తగిలితే జివ్వుతో ఆగదు.

వైజాగ్ కెరటం
దానికేముంది, సాకెట్లో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి కలిపెయ్. మా ఎలక్ట్రీషియన్ అలాగే చేశాడు, షాక్ పోయింది.

స్క్రూడ్రైవర్ సుబ్బు
వద్దు వద్దు వద్దు!! @తెనాలి ఎడిటర్ ఇది చదివి చేసెయ్యకు.

ఓం నియమం
@వైజాగ్ కెరటం గారు, మీ ఇంట్లో అది వెంటనే తీయించండి, నిజంగా చెబుతున్నా. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున మీ కేబినెట్, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటి మీదికీ పూర్తి ఫేజు వస్తుంది. ఎర్త్ అంటే మీ ఇంటి గుంత నుంచే రావాలి.

వైజాగ్ కెరటం
సరే అండి. రేపే పిలుస్తా. ఆయన్ని కాదు, ఇంకొకాయన్ని.

సీటీసీ పిల్లగాడు
ఒక్క మాట. కొత్తది మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ (కేబుల్స్ ఇడిగ పీకి పెట్టుకునేది) తీస్కుంటే పాత దాని కేబుల్స్ దీనికి పెట్టకు. పిన్ను సక్కగ గూసుంటది గనీ ఎస్‌ఎంపీఎస్ దిక్కు వైరింగ్ ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. మా దగ్గర ఒకడు గట్ల పెట్టి మూడు హార్డ్ డిస్కులు ఒక్కసారే కాల్చిండు. అండ్ల వాళ్ల పాప మొదటి పుట్టినరోజు ఫోటోలు.

తెనాలి ఎడిటర్
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, మన్నించాలి. పని ముంచేసింది.

విజయవాడ వెళ్లి 550 వాట్ల బ్రాంజ్ తీసుకున్నా, 12 మీద 45 ఆంపియర్లు, ఐదేళ్ల వారంటీ, 8 పిన్ నేరుగా అందులోంచే. మోడల్ పేరు 80 ప్లస్ సైట్‌లో దొరికాకే డబ్బు కట్టా. కౌంటర్ దగ్గరే నిలబడి ఫోన్‌లో వెతుకుతుంటే ఆయన "ఏంటి బాబూ, పెళ్లి సంబంధమా" అన్నాడు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించా.

మెమ్‌టెస్ట్ రాత్రంతా పెట్టా, ఒక్క ఎర్రర్ లేదు. తర్వాత మూడు గంటల పెళ్లి ఒకటి, రెండు సంగీత్‌లు వరుసగా రెండర్ అయ్యాయి, రీస్టార్ట్ లేదు. గ్రాఫిక్స్ కార్డు లక్షణంగా ఉంది. మొన్నటి దాకా కొత్తది కొనడానికి అప్పు అడుగుతున్నా.

ఎర్తింగ్ సంగతి ఓం నియమం గారు చెప్పిందే. ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఫేజు–ఎర్త్ 118, న్యూట్రల్–ఎర్త్ 112 చూపించింది. సాకెట్ విప్పితే ఆకుపచ్చ వైరు ఉంది. ఎటూ వెళ్లలేదు, గోడలోకి రెండంగుళాలు పెట్టి వదిలేశారు. ఓనర్‌ని ఒప్పించి పెరట్లో గుంత తీయించాం, పైపు, ఉప్పు, బొగ్గు. ఇప్పుడు ఫేజు–ఎర్త్ 231, న్యూట్రల్–ఎర్త్ 1.4. కేబినెట్ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నా కాసేపు.

ఓం నియమం
బాగుంది. వేసవిలో ఆ గుంతలో అప్పుడప్పుడు ఒక బిందె నీళ్లు పోయించండి.

పప్పుచారు డాట్ ఎక్సీ
అంతా బాగుంది గానీ ఆ పాత 450 ఏమైంది? మ్యూజియంలో పెట్టావా?

తెనాలి ఎడిటర్
కొట్టాయన దగ్గరికి తీసుకెళ్లి మాడిన కనెక్టర్ చూపించా. తిరగేసి చూసి "అది కన్వర్టర్ లోపం, దీనికేం కాలేదు" అని 150 ఇచ్చి తీసుకున్నాడు. నేను అక్కడే ఉండగా గుడ్డతో తుడిచి, పక్కనే ఇంటర్ కుర్రాడి కోసం బిగిస్తున్న కేబినెట్‌లో పెట్టాడు.

సీటీసీ పిల్లగాడు
గ్రాఫిక్ కార్డ్ ఉన్నదా ఆ పిలగానికి?

తెనాలి ఎడిటర్
బల్ల మీద డబ్బా ఉంది. బయటికొచ్చాక ఆ కుర్రాడికి ఈ పేజీ లింకు ఇచ్చా.